విరిగిన ఓడకు తెరచాప

రాజలింగానికి విరిగిన వస్తువు కనబడితే చేతులు ఊరుకునేవి కావు. అతని కొలువే అటువంటిది. యూనివర్సిటీలో పురాతత్వ శాఖకు బొమ్మలు గీసే ఉద్యోగం. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకు ఒకటి బల్ల మీద పెడితే చాలు, దాని వంపును బట్టి మూతి ఎంత వెడల్పో, కడుపు ఎంత లావో అంచనా కట్టి నిండు కుండను కాగితం మీదికి తెచ్చేవాడు. అయితే ఆ పనికి ఒక కట్టుబాటు ఉంది. చేతికి దొరికినదాన్ని నిండు గీతతో గీయాలి. దొరకనిదాన్ని, ఇట్లా ఉండి ఉంటుందని అనుకున్నదాన్ని, చుక్కల గీతతో గీయాలి. చూసేవాడికి ఏది ఉన్నదో, ఏది అనుకున్నదో తెలిసిపోవాలి. రాజలింగం సోమవారం ఒక్కపొద్దు ఎంత నియమంగా ఉండేవాడో ఈ చుక్కల దగ్గరా అంతే నియమంగా ఉండేవాడు.

ఆ నియమం ఓడ దగ్గర తప్పింది.

అరవై ఎనిమిది మొదట్లో జరిగేలా శాఖవారు ఒక ప్రదర్శన తలపెట్టారు. దాని బరువంతా రీడరు సోమయాజులు గారిది. ఆయనది కాకినాడ దగ్గర పల్లె. తార్నాకలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డాడు. శాతవాహనుల సీసపు నాణెం మీద రెండు తెరచాప కొయ్యలతో ఒక ఓడ ఉంటుంది. ఆయనకు ఆ నాణెమంటే ప్రాణం.

"నాణెం మీద ఓడ చింతగింజంత ఉంటుంది రాజలింగం. దాన్ని అద్దాల బీరువాలో పెడితే జనం తొంగి చూసి పోతారు. మన ఒడ్డున ఇప్పటికీ తెరచాప ఓడలు కట్టేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. ఆ ఓడ ఎలా ఉంటుందో చూసి, పక్కన గోడంత బొమ్మ ఒకటి పెట్టాం అనుకో, అప్పుడు నిలబడతారు" అన్నాడు.

అరవై ఏడు దసరా వెళ్ళాక ఇద్దరూ బయలుదేరారు. రాజలింగం అంతకు ముందు సముద్రం చూసినవాడు కాడు. జనగామ దిక్కు పల్లెలో పుట్టి, వాన పడి చెరువు నిండితే అదే పెద్ద నీళ్ళనుకుంటూ పెరిగిన మనిషి. కాకినాడ చేరేసరికి సోమయాజులు గారికి జ్వరం తగిలింది. చుట్టాలింట పడుకుని, "శ్రీకాకుళం దిక్కున ఏదో పల్లె ఒడ్డున పాత ఓడ ఉందంటున్నారు. నువ్వు పోయి కొలతలు తీసుకురా" అని పంపించాడు.

అది పాత ఓడ కాదు, పగిలిన ఓడ. ఒక పక్కకు ఒరిగి సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. తెరచాప కొయ్యలు లేవు. చుక్కాని లేదు. ఒక వైపు చెక్కలన్నీ లేచిపోయి లోపలి వాసాలు పశువు పక్కటెముకల్లా కనిపిస్తున్నాయి. పేరు పలక కొట్టుకుపోయింది. ఓడ మొన దగ్గర మాత్రం ఒక చిత్రమైన కొయ్య అతుకు వేసి ఉంది. అది ఓడ కర్ర కాదు. ఎవరింటి గుమ్మానిదో పైకొయ్య. నడుమ పద్మం, రెండు వైపులా రెండు చిలకలు. ఒక చిలకకు ముక్కు లేదు.

పల్లెవాళ్ళు చుట్టూ కూర్చుని అతని టేపును, కాగితాలను వింతగా చూశారు. వాళ్ళలో ఒక ముసలాయన చెప్పాడు. "కిందటేడు కార్తీకం గాలికి కొట్టుకొచ్చింది బాబూ. ఐదుగురు మడుసులు. ఎవులో ఏటో పోల్చలేకపోనాం. మునసబుకి సెప్పితే రాసుకున్నాడు. ఆ సరుగుడు తోటలో మేవే పూడ్చీసినాం. ఐదుగురు పోయిన ఓడని ఊల్లో ఎవులూ ఒక మేకైనా ముట్టలేదు."

రాజలింగం "శివ శివ" అనుకుని, నిలబడ్డచోటనే చేతులు జోడించి, మళ్ళీ టేపు పట్టుకున్నాడు. పొద్దు వాలుతోంది. ఇంకా మొన కొలవవలసి ఉంది.

తిరిగి వచ్చి కట్టుబాటు ప్రకారమే గీశాడు. ఒడ్డున చూసినంత మేర నిండు గీత. కొయ్యలు, తెరచాపలు, చుక్కాని చుక్కల గీత. అది చూసి సోమయాజులు గారు నవ్వాడు.

"ఏమిటయ్యా ఇది, ఓడకు అమ్మవారు పోసినట్టు? ఈ చుక్కలు మనకు మనం చూసుకోవడానికి. వచ్చేవాళ్ళు పెద్దలు. రంగులు వెయ్యి. గాలి నిండిన తెరచాపలు వెయ్యి. చుక్కాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టు, ఓడ ఎంత పెద్దదో తెలుస్తుంది."

"పగిలిందని కింద ఒక మాట రాద్దమా సార్?"

"ఎందుకూ. చూడగానే కడుపు చల్లగా ఉండాలి."

రాజలింగం వేశాడు. బలవంతాన వేశాడని చెప్పడానికి లేదు. ఆ బొమ్మ వేసినన్ని రోజులూ అతనికి సంతోషమే. కుంచె తెల్లరంగులో ముంచి తెరచాప మీద గాలిని నింపుతుంటే తన ఒంట్లోకి కూడా ఏదో గాలి చొరబడినట్టుండేది. ఇందులో అబద్ధమేముంది అనుకున్నాడు. దేవుడి పటం వేసేవాడు దేవుణ్ణి చూసి వేస్తున్నాడా. చుక్కాని దగ్గర నల్లటి, బలమైన మనిషిని నిలబెట్టాడు. ముఖం అటువైపు తిప్పాడు. ఆ మనిషి ఎవరని తనను తాను అడగలేదు.

ప్రదర్శన మొదలైన రోజు ఆర్ట్స్ కాలేజీ హాల్లో జనం బాగానే ఉన్నారు. సోమయాజులు గారి భార్య విశాలాక్షమ్మ పెద్దలకు ఇంటి కాఫీ తీసుకుని వచ్చింది. ఫ్లాస్కుల బుట్ట మోసుకుని ఆమె వెనకే బాలలక్ష్మి వచ్చింది.

బాలలక్ష్మి వాళ్ళింట్లో అంట్లు తోమి, ఇల్లు ఊడ్చే మనిషి. వాళ్ళ ఊరి పక్క పల్లెదే. మొగుడు తెరచాప ఓడ నడిపే సరంగు. పెంకుల లోడుతో కలకత్తా వైపు పోయినవాడు కిందటేడు కార్తీకం గాలివాన తర్వాత తిరిగి రాలేదు. పోయాడన్న కబురూ లేదు, ఉన్నాడన్న కబురూ లేదు. అత్తవారింట్లో సూటిపోటి మాటలు పడలేకపోతోందని విశాలాక్షమ్మ తనతో తెచ్చుకుంది. ఆమె నుదుట పావలా కాసంత బొట్టు తార్నాకలో చాలామందికి కంట్లో నలుసు. "ఇంకా ఎందుకమ్మా అది" అని చాటుగా అన్నవాళ్ళున్నారు. చాటుగా అన్నది కూడా ఆమె చెవిన పడేది.

ఆమె బుట్ట దించి బొమ్మ వంక చూసింది. తర్వాత దగ్గరికి పోయి చూసింది.

"అమ్మగారూ, ఇది మా గుమ్మమండి."

"ఏమిటే" అంది విశాలాక్షమ్మ.

"మా గుమ్మం పైకొయ్యండి. ఈ సిలకలు మా మాంగారు సెక్కించినవి. ఓడ మొనకి దెబ్బ తగిలితే కర్ర దొరక్క, మా ఇంటి గుమ్మం ఊడదీసి కొట్టేశారండి. గుమ్మం లేని ఇల్లేం ఇల్లని నేనా పూట అన్నం తిన్లేదు. ఇదుగోనండి, ఈ సిలక ముక్కు మా మరిది సిన్నప్పుడు రాయెట్టి కొట్టేశాడు."

బొమ్మ వేసినది ఎవరని అడిగి తెలుసుకుని రాజలింగం దగ్గరికి వచ్చింది. అతను మెడలో చీటీ తగిలించుకుని గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

"బాబూ, ఈ ఓడ ఎక్కడ సూసేరండి?"

"శ్రీకాకుళం దిక్కమ్మా. సముద్రం ఒడ్డుకు."

"ఎప్పుడండి?"

"మొన్న దసరా అయినంక."

"తెరసాప ఎత్తే ఉందాండి?"

రాజలింగం ఆమె నుదుటి వైపు చూశాడు. అంతలో హాలు అవతలి నుంచి సోమయాజులు గారు, "రాజలింగం, ఇలా రావయ్యా, కొలతలు అడుగుతున్నారు" అని కేక వేశాడు. రాజలింగం తల ఊపాడు. ఆ ఊపింది సోమయాజులు గారి పిలుపుకా, ఆమె అడిగిన మాటకా అని తర్వాత ఎన్నిసార్లు తర్కించుకున్నా తప్పించుకునే దారి కనబడలేదు. ఊపినప్పుడు అతను చూస్తున్నది ఆమెనే.

ఆమె గోడవైపు తిరిగి, చుక్కాని దగ్గరి మనిషి కాళ్ళ మీద చెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుంది.

వారం తిరక్కుండానే సోమయాజులు గారు నవ్వుతూ శాఖలోకి వచ్చాడు.

"నీ ఓడ మా ఇంట్లో దుమారం రేపిందయ్యా. బాలలక్ష్మి బావగారు, వాళ్ళాయన అన్న, ఊరి నుంచి వచ్చాడు. ఇక ఎంతకాలం చూస్తాం, మాఘంలో దర్భలతో బొమ్మ కట్టి తమ్ముడికి కర్మ చేసేస్తాను, రమ్మన్నాడు. ఈవిడ ఉగ్రంగా లేచి, బతికున్నవాడికి పిండాలు పెడతావా అని చెడామడా తిట్టి గుమ్మం దింపేసింది. పాపం అతను మంచినీళ్ళు కూడా ముట్టకుండా పోయాడు. ఇక నాకు ఆ తమ్ముడూ లేడు, ఆ మరదలూ లేదు అన్నాట్ట. ఈవిడేమో ఆదివారం రైలెక్కి మొగుణ్ణి వెతకడానికి పోతుందట."

"సార్, అది పగిలిన ఓడ కద సార్."

"చిలకలు ఎన్ని గుమ్మాల మీద లేవు? ఆవిడ ఓడే అనడానికి రుజువేమిటి? వదిలెయ్. నాలుగూళ్ళు తిరిగితే తనే సర్దుకుంటుంది."

ఆ సాయంత్రం లాలాపేట ఇంట్లో రాజలింగం కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కూడా కలపకుండా లేచాడు. భార్య భూదేవి చూసింది.

"ఏమైందయ్యా. కూర మంచిగ లేదా?"

"ఆకలి లేదు."

"పొద్దుగాల బుక్కెడంత తిని పోయినవ్. ఆకలి యాడికి పోయింది. చెప్పు."

అతను చెప్పాడు. ఒడ్డున ఓడను, పల్లె ముసలాయన మాటను, హాల్లో బాలలక్ష్మిని, అన్నీ చెప్పాడు. భూదేవి కంచం మీద మూత పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఓడ మంచిగున్నదని నువ్వు చెప్పినవా?"

"చెప్పలే. తలకాయ ఊపిన."

"తలకాయ ఊపుడు చెప్పుడు గాదా?"

"ఇప్పుడు పోయి చెప్తే ఆమె బొట్టు నేనే తుడిచినట్టయితది గదనే."

"ఆమె బొట్టు నీ కుంచెల ఉన్నదా ఏంది. తుడిచేది సముద్రం తుడిచింది. నువ్వు రంగు పూసి మల్ల పెట్టినవ్." తర్వాత నెమ్మదిగా అంది. "వానికి ఇన్ని నీళ్ళు ఇడుస్తనని సొంత అన్న వచ్చిండు. నీ బొమ్మ జూసి ఆమె ఎల్లగొట్టింది. సచ్చిపోయినోడు ఏ దిక్కు జూడాలె?"

గూట్లో ఇలవేలుపు రాజన్న పటం ముందు దీపం వెలుగుతోంది. రాజలింగం రోజూ చెప్పుకునే మాటలు చెప్పుకోబోయాడు. మనసు నిలవలేదు. అబద్ధం చెప్పి ఒక ఆడమనిషి ప్రాణం నిలబెట్టడం పాపమా, నిజం చెప్పి దాన్ని కూల్చడం పుణ్యమా? దేవుడికి ఈ లెక్క తెలిసే ఉంటుంది గాని, ఆయన తనకు చెప్పే తీరున లేడు. ఆకలితో దాహంతో తిరుగుతున్న ఐదుగురు మాత్రం ఇంట్లోనే, దీపం వెలుగు అందని చోట ఎక్కడో నిలబడ్డట్టు తోచింది.

శనివారం మధ్యాహ్నం లాలాపేట నుంచి నడిచే తార్నాక పోయాడు. సోమయాజులు గారు ఇంట్లో లేడు. విశాలాక్షమ్మ వరండాలో చేటలో బియ్యం ఏరుకుంటోంది. మెట్ల దగ్గర బాలలక్ష్మి బూడిదతో ఇత్తడి గిన్నెలు తోముతోంది. తలలో చామంతులున్నాయి. గోడవారగా ఒక ట్రంకుపెట్టె, దాని మీద మడత పెట్టిన దుప్పటి సిద్ధంగా ఉన్నాయి.

"రండి బాబూ" అంది బాలలక్ష్మి. "ఆ ఊరికి ఏ టేసన్లో దిగాలో అడుగుదామని నేనే రాబోతున్నానండి."

రాజలింగం మెట్టు మీద కూర్చున్నాడు. నిలబడి చెప్పే ధైర్యం లేకపోయింది.

"అమ్మా, నేను చూసినప్పుడు ఆ ఓడకు తెరచాప లేదు. కొయ్య లేదు. పగిలి ఇసుకల పడి ఉన్నది. అందులున్నోళ్ళు ఐదుగురు పోయిన్రని ఊరోళ్ళు చెప్పిన్రు. నేను మతిలనుంచి తీసి తెరచాప ఏసిన. మనిషిని గూడ అట్లనే ఏసిన."

చేటలో విశాలాక్షమ్మ చెయ్యి ఆగిపోయింది. బాలలక్ష్మి గిన్నె తోముతూనే ఉంది.

"మా బావ మీ కాడికొచ్చాడా?"

"లేదమ్మా. ఆయనెవరో నాకు తెల్వది."

"మరి ఆ రోజు అడిగితే తలూపేరు. బొమ్మలో మడిసిని నిలబెట్టేరు. ఇయ్యాళొచ్చి మడుసులే లేరంటున్నారు. దేన్ని నమ్మమంటారండి."

"అతను అటువంటివాడు కాదే" అంది విశాలాక్షమ్మ.

"మంచోరేనండి. ఆడది ఒంటరిగా ఊళ్ళంట తిరుగుద్దని జాలిపడి ఆపడానికొచ్చేరు. మంచోళ్ళే కదండీ ఇలాంటప్పుడు అబద్ధాలు సెప్పేది." గిన్నె బోర్లించి ఇంకోటి తీసుకుంది. "ఐదుగురితో పోయిన ఓడలు బోలెడుంటాయి."

రాజలింగానికి కోపం రాలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది. లేనిదాన్ని ఉన్నట్టు గోడంత ఎత్తున నిలబెట్టినవాడు, ఇప్పుడు వట్టి నోటితో లేదంటే ఎవరు వింటారు.

కాసేపటికి బాలలక్ష్మి చెయ్యి దానంతటదే ఆగింది.

"గీయండి" అంది. "మీరు సూసిందే గీయండి. ఒక్క పుల్ల కూడా ఎక్కువ గీయకండి."

విశాలాక్షమ్మ లోపలికి పోయి పాత గోడ క్యాలెండరు కాగితం ఒకటి తెచ్చి, వెనకవైపు తిప్పి నేల మీద పరిచింది. రాజలింగం జేబులోంచి పెన్సిలు తీసి వంగి కూర్చున్నాడు. ఒక చెక్క వెనక ఒక చెక్క, ఇసుకలో ఎట్లా ఒరిగి ఉందో అట్లాగే గీస్తూ పోయాడు. పద్మం, చిలకలు, ముక్కులేని చిలక వచ్చాయి. బాలలక్ష్మి పక్కన గొంతుకూర్చుని ప్రతి గీత వెంట కళ్ళు నడిపించింది.

"అక్కడ ఆపేశారేం?"

"అక్కడికే ఉన్నది. అవుతల పగిలింది."

"సుక్కాని?"

"లేదు."

"ఎనక గది? ఆయన పడుకునే గదుండాలండి, రేకుది."

"లేదమ్మా. రెండు ఇనుప కడ్డీలున్నయి, వంగిపోయి." ఆ రెండు కడ్డీలు గీశాడు.

"లంగరు?"

రాజలింగం పెన్సిలు మొన పక్కకు జరిగింది. పగిలిన చెక్కల సందున, లోపలి వాసానికి ఆనించి, లంగరు గీశాడు. దాని చుట్టూ గొలుసు గీశాడు. ఎన్ని చుట్లున్నాయో అన్ని చుట్లూ గీశాడు. ఎవరూ విప్పనట్టే ఉన్నాయి అవి.

బాలలక్ష్మి ఆ గొలుసు చుట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది.

"ఎంత గాలొచ్చినా లంగరేసి నిలబెడతాననేవారండి" అంది చివరికి. "లంగరెయ్యడానికి కూడా టైము దొరకలేదన్నమాట."

విశాలాక్షమ్మ చేట పక్కకు జరిపింది.

"ఐదుగుర్నీ ఏం చేశారంట?"

"ఆ ఊరోళ్ళే పూడ్చిపెట్టిన్రు. ఒడ్డు మీద సరుగుడు తోటున్నది, అందులనే అన్నరు."

"తలలు ఏ వైపు పెట్టేరు?"

"అడగలేదమ్మా."

"అందరికీ ఒకటే గొయ్యా, ఎవరిది ఆళ్ళకా?"

"అడగలే."

"ఒకాయన మొలతాడుకి రాగి తాయెత్తుంటాదండి. అలాంటిదేదో సూసేమని ఎవరైనా అన్నారా?"

రాజలింగం తల అడ్డంగా ఊపాడు. మొన నుంచి వెనక దాకా మేకు రంధ్రాలు కూడా వదలకుండా కొలుచుకున్నాడు అతను. మనుషుల గురించి ఒక్క మాట అడగలేదు. పొద్దు పోతోందని అనుకున్నాడు. పది అడుగులు నడిచి పోయి ఒక పువ్వు వేసి రావచ్చన్న సంగతి కూడా తోచలేదు. ఆ రోజు శివ శివ అన్న నోరే ఇది.

"ఆ తోట గీయండి."

"నేను అటు పోలేదమ్మా."

"దూరాన్నుంచైనా సూసుంటారు గదా. రెండు సెట్లు గీయండి. కింద నేను అనుకుంటాను."

పెన్సిలు కాగితం మీదికి వంగింది. సరుగుడు చెట్టు గీయడం అతనికి ఎంతసేపు. సన్నటి ఆకులు, ఒకవైపుకు వాలిన కొమ్మలు, కింద ఇసుక దిబ్బ. గీసి ఇస్తే ఆమె దాన్ని కళ్ళకద్దుకునేది. ఆమెకు అదైనా మిగిలేది. రాజలింగం పెన్సిలు నేల మీద పెట్టేశాడు.

"ఏ చెట్టు కిందనో నాకు తెల్వదమ్మా. తెల్వంది గీయలేను."

ఆమె బతిమాలలేదు. ఓడకు పక్కన కాగితం ఖాళీగా ఉంది. "ఇటేపేనాండి?" అని అడిగింది. అతను అవునన్నాడు. ఆమె బూడిద చెయ్యి ఆ ఖాళీ చోట ఆనించి, కాసేపు తియ్యలేదు.

విశాలాక్షమ్మ లేచి పెరట్లోకి పోయింది. పంపు విప్పిన చప్పుడు, గంగాళంలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించాయి. చావు కబురు విన్నవాళ్ళు కట్టుబట్టలతో తలస్నానం చెయ్యాలి.

బాలలక్ష్మి తలలోంచి చామంతులు తీసి మెట్టు మీద పెట్టింది. తోమిన గిన్నెలు కడగకుండానే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే నీళ్ళతో తొలిచి, వరసగా బోర్లించి, అప్పుడు లేచింది. పెరటి వైపు రెండడుగులు వేసి ఆగింది.

"మా బావకి కబురు పంపించాలండి, కర్మ చెయ్యమని" అంది. "అన్ని మాటలని పంపేశాను. వస్తాడంటారా?"

రాజలింగం ఆమె ముఖం వైపు చూడలేకపోయాడు. పెరట్లో గంగాళం నిండి నీళ్ళు బండల మీద పారుతున్నాయి. పంపు కట్టడానికి విశాలాక్షమ్మ చేతులు రాలేదు.